అక్రోట్లు లేని పాయసం

"నాలుగింటికి నన్ను జైలుకి పంపించేస్తారట కదా అక్కా?" అంది ఫెర్దా, బస్సు వేళ కనుక్కుంటున్నట్టు.

"ఎవరు చెప్పారు?"

"అంకారా నుంచి వచ్చిన సారు. మెరిసే బూట్లాయన. సంచీ సర్దుకోమన్నారు. సర్దుకోడానికి నా దగ్గర దువ్వెన ఒక్కటే ఉంది."

ఇన్‌స్పెక్టర్ నెర్మిన్ కుర్చీ ముందుకి లాక్కుంది. తోకత్ పోలీస్ స్టేషన్‌లో ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. ముద్దాయిలని కూర్చోబెట్టాల్సిన కుర్చీ అది. పదేళ్లుగా తనే కూర్చుంటోంది. ఎదుటివాళ్లు ఊగుతుంటే నిజం చెప్తున్నారో లేదో తెలియదని ఆవిడ లెక్క.

ఫెర్దాకి ముప్పై ఒకటి. తలగుడ్డల మీద చెక్క అచ్చులతో పూలు అద్దే పని. గోళ్ల చుట్టూ ఎర్ర రంగు ఇంకా వదల్లేదు. సొంత బాబాయి రుక్నెద్దీన్‌కి అషురే పాయసంలో విషం కలిపి పెట్టిందని ఆ అమ్మాయి మీద కేసు. ముహర్రం నెల వస్తే ఊళ్లో ప్రతి ఇంట్లోనూ గోధుమలు, శనగలు, ఎండు ఆప్రికాట్లు కలిపి గుండిగెడు పాయసం వండుతారు. వీధంతా గిన్నెల్లో పంచుతారు. రుక్నెద్దీన్ అందులో అర గిన్నె తిన్నాడు. ఆ రాత్రే వాంతులు పట్టుకున్నాయి. మూడో రోజుకి ఆస్పత్రిలో పోయాడు. మిగిలిన అర గిన్నె ల్యాబ్‌కి వెళ్తే కొల్చిసిన్ తేలింది, మోతాదు మించితే విషమయ్యే మందు.

ఆ మందు ఆ కుటుంబంలో ఒక్కళ్లే వాడతారు. ఫెర్దా.

"నీ మాత్రల సీసా లెక్క సరిగ్గానే ఉంది," అంది నెర్మిన్. "మందుల షాపతను కూడా అదే చెప్పాడు."

"అది నేనూ చెప్పాను. దాచుకుని పోగేశావన్నారు ఆ సారు. వారం రోజులు మాత్ర వేసుకోకపోతే నాకు కన్ను ఎర్రబడుతుందక్కా. నాన్నకి అలాగే మొదలైంది. జైల్లో మందు సమయానికి ఇస్తారా?"

నెర్మిన్ ఫైలులో పేజీ తిప్పింది. జవాబు తెలుసు కాబట్టి.

ఫెర్దా తండ్రి వహాప్‌ని ఊళ్లో అందరూ ఎరుగుదురు. బెహ్‌చెట్ జబ్బు. రక్తనాళాలు లోపల్లోపలే వాచిపోయే జబ్బు. నోట్లో పుళ్లతో మొదలై కళ్లదాకా వస్తుంది. ముప్పై ఎనిమిదేళ్లకి చూపు పోయి, ప్రాణం పోయేదాకా కిటికీ పక్కనే కూర్చున్నాడు, ఎదురుగా ఏముందో ఆయనకి తప్ప అందరికీ కనిపిస్తూ.

"సరే, గిన్నెల సంగతి చెప్పు. బాబాయికి ఏ గిన్నెలో పంపావు?"

"రాగి గిన్నెలో. రాగి పని ఆయనదే కదా, ఆయనే చేసిచ్చింది."

"విషం దొరికింది నీలం అంచు గిన్నెలో. అదీ నీదే."

"నాదే. దాన్ని మా వదినకి పంపాను. తిరిగి రాలేదు."

"అడగలేదా?"

ఫెర్దా మొదటిసారి కొంచెం నవ్వింది. "గిన్నె ఎవరైనా అడుగుతారా అక్కా? నిండేదాకా ఆగుతారు."

నెర్మిన్‌కి ఆ మాట నచ్చింది. ఈ వీధుల్లో పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లదు. ఇంట్లో ఏమీ లేకపోతే నాలుగు ఆపిల్ పళ్లయినా వేసి పంపుతారు. అంకారా సారుకి ఈ సంగతి తెలిసినట్టు లేదు. గిన్నె ఎవరిదో పాయసమూ వాళ్లదే అనుకున్నాడు.

"పాయసంలో అక్రోట్లు వేశావా?"

"దోసెడు వేశాను. నేను తినను, తింటే మర్నాటికి నోరంతా పుళ్లే. కానీ వీధికి పెట్టేదాంట్లో వేయకపోతే పిసినారి ఫెర్దా అని వచ్చే ముహర్రం దాకా చెప్పుకుంటారు."

నీలం అంచు గిన్నెలో బాదం ఉంది, హేజల్‌నట్ ఉంది. అక్రోటు ముక్క ఒక్కటి లేదు. ల్యాబ్ వాళ్లు ఆ సంగతి చివర్లో, ఎందుకూ పనికిరానిదన్నట్టు రాశారు. ఆ ఒక్క లైను కోసం నెర్మిన్ నిన్న సాయంత్రం ఆ వీధిలో తొమ్మిది ఇళ్లకి వెళ్లి, తొమ్మిది గ్లాసుల టీ తాగి, అందరినీ ఒకటే ప్రశ్న అడిగింది. అందరిదీ ఒకటే జవాబు. ఫెర్దా వదిన గుల్సెరెన్ అయితే నవ్వేసింది కూడా. "అక్రోట్లు లేకుండా అషురే ఏమిటక్కా, వేయకుండా ఉంటామా!"

నెర్మిన్ లేచింది. ఫెర్దా ఎడమ మోచెయ్యి గోక్కుంటోంది.

"ఏమిటది?"

"ఏం లేదక్కా. మొన్న రక్తం తీశారుగా." చొక్కా చెయ్యి పైకి లాగి చూపించింది. మోచేతి మడతలో సూది దిగిన చోట ఎర్రటి పొక్కు, మధ్యలో తెల్లగా చీము. "నాకెప్పుడూ ఇంతే. సూది తగిలిందంటే రెండో రోజుకి ఇలా లేస్తుంది. అసలు మా డాక్టరమ్మ జబ్బు కనిపెట్టింది కూడా ఇలాగే. ఉత్త సూదితో పొడిచి, ఎల్లుండి రా అంది."

నెర్మిన్ మళ్లీ కూర్చుంది. కుర్చీ పొట్టి కాలు టక్కుమంది.

"మొన్న ఇంకా ఎవరెవరికి తీశారు?"

"అందరికీ. అన్నయ్యకి, బాబాయి కొడుకు తుంజెర్‌కి, సబిహా పిన్నికి. ఒకే నర్సు, వరసగా. అంకారా సారు పక్కన నిలబడి తీయించారు."

* * *

డాక్టరమ్మ పేరు నెజాహత్. రోగులందర్నీ చూసేదాకా నెర్మిన్‌ని రెండున్నర గంటలు బయట కూర్చోబెట్టింది. నెర్మిన్ అడిగినదానికి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"అంకారా నుంచి వచ్చిన ఓర్హున్ గారు చేయించింది జన్యు పరీక్ష. బి51 అని ఒక గుర్తు. అది ఉంటే ఈ జబ్బు రావడానికి అవకాశం ఎక్కువ. అంతే. ఉన్నవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మంది హాయిగా ముసలివాళ్లయి ఇంకేదో జబ్బుతో పోతారు. లేనివాళ్లకి రాదా అంటే, వస్తుంది. నా దగ్గరకొచ్చే వాళ్లలో బోలెడు మందికి ఆ గుర్తే లేదు."

"అంటే ఇంట్లో పొయ్యి ఉన్నంత మాత్రాన అన్నం ఉడికినట్టు కాదు."

"పొయ్యి లేని వాళ్లు పక్కింట్లో వండుకోవచ్చు కూడా. జబ్బు ఎవరికుందో చెప్పేది ఆ పరీక్ష కాదు."

"సూది గుచ్చిన చోటు చెప్తుందా?"

"చాలాసార్లు చెప్తుంది. రెండో రోజు చూడాలి. మూడు నాలుగు రోజులు దాటితే మానిపోతుంది."

రెండో రోజు ఇవాళే. గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది.

* * *

రుక్నెద్దీన్ ఇంట్లో ఏడో రోజు ప్రార్థన అప్పుడే ముగిసింది. గుమ్మం బయట బూట్లు గుట్టగా పడున్నాయి. లోపల ఇన్‌స్పెక్టర్ ఓర్హున్ ఉన్నాడు. అంకారా హత్యల విభాగం, ఇస్త్రీ నలగని సూటు, కాళ్లకి గులాబీ రంగు ఆడవాళ్ల స్లిప్పర్లు. అతిథులకి ఉంచిన వాటిలో ఆయన వచ్చేసరికి అవే మిగిలాయి. మడమలు రెండంగుళాలు వెనక్కి వేలాడుతున్నాయి.

"నెర్మిన్ గారూ! ఇంకా అక్రోట్లు ఏరుతున్నారా?"

"ఏరుతున్నాను. మీ పళ్ల సందులో ఒకటి ఉంది."

ఓర్హున్ నాలుకతో తడుముకున్నాడు. "మీ స్టేషన్‌లో మంచిదంటూ ఉంటే పొద్దున టీ గదిలో తిన్న ఆ పాయసం ఒక్కటే. ఇక పనిలోకి వద్దాం. జన్యు పరీక్ష వచ్చింది. ఫెర్దాకి బి51 ఉంది. ఇంకెవరికి ఉందో తెలుసా? చచ్చిపోయినాయన కొడుకు తుంజెర్‌కి. ఇల్లు అమ్మేద్దామని తండ్రితో ఆర్నెల్లుగా గొడవ పడుతున్నవాడికి! మందు ఆవిడది, ఆలోచన ఇతనిది. మూడున్నరకి ఇతన్ని కూడా తీసుకెళ్తున్నాను."

"ఇల్కర్‌కి?"

"ఫెర్దా అన్నకా? లేదు. అతను శుభ్రం. పాపం, బస్సు నడుపుకుంటాడు, అంతే."

"నాకో పావుగంట ఇవ్వండి."

"పది నిమిషాలు."

"పావుగంట అడిగితే పది ఇచ్చే అలవాటు అంకారాలో ఉందేమో. ఇక్కడ అరగంట ఇస్తారు," అని నెర్మిన్ వంటింట్లోకి వెళ్లింది.

రుక్నెద్దీన్ భార్య సబిహా అక్కడ పీట మీద కూర్చుని ఉంది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి, ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. గుల్సెరెన్ పొయ్యి దగ్గర నిలబడి టీ వంచుతోంది. చావు ఇంట్లో ఇంటివాళ్లు పొయ్యి ముట్టుకోరు. వారం రోజులుగా ఇంటెడు చాకిరీ గుల్సెరెన్‌దే. సన్నగా, చురుగ్గా ఉంటుంది. గ్లాసులు కడుగుతుంటే చప్పుడు కూడా రాదు. వేళ్ల చివర్లు మాత్రం నల్లబడి ఉన్నాయి.

పచ్చి అక్రోట్ల పై తొక్క ఒలిస్తే ఆ నలుపు పది రోజులు వదలదు. అక్టోబరులో తోకత్‌లో సగం మంది వేళ్లు అలాగే ఉంటాయి. నెర్మిన్ చూసి, చూపు తిప్పేసుకుంది.

గోడకి బల్ల. బల్ల మీద బోర్లించిన గిన్నెలు ఓ డజను. పోయిన వారంలో వీధి వాళ్లు తెచ్చినవి.

"ఇవన్నీ తిరిగివ్వాలమ్మాయ్," అంది సబిహా. "ఉత్త గిన్నెలు ఎలా పంపను? వండటానికి చెయ్యి ఆడటం లేదు."

"తొందరేం లేదు పిన్నీ. ఆ రోజు నీలం అంచు గిన్నె ఎవరు తెచ్చారు?"

"ఎవరూ తేలేదు. సాయంత్రం తలుపు తీస్తే చెప్పుల బల్ల మీద మూత పెట్టి ఉంది. గిన్నె చూసి, రాగి గిన్నెలోది చాలదని ఫెర్దా మళ్లీ పెట్టిందనుకున్నాను. నాకు షుగరు కదా, నేను ముట్టుకోలేదు. ఆయన తిన్నారు. ఈ ఏడు అమ్మాయి పాయసం కొంచెం చేదుగా చేసిందే అన్నారు. అంటూనే తిన్నారు. పిల్లని చిన్నబుచ్చకూడదని."

నెర్మిన్ పొయ్యి వైపు తిరిగింది.

"గుల్సెరెన్, ఆ గిన్నె ముందు మీ ఇంటికి వచ్చిందట కదా?"

"వచ్చిందక్కా. ఆ రోజే తిరిగిచ్చేశాను ఫెర్దాకి." గ్లాసుల మీంచి చూపెత్తలేదు.

"ఏం వేసి ఇచ్చావు?"

చెయ్యి అర క్షణం ఆగింది. "ఏమీ వేయలేదు. కడిగి ఇచ్చేశాను."

సబిహా తలెత్తింది. "ఉత్తదా? నువ్వా? మొన్న నా టీ వడగట్టే జల్లెడ తీసుకెళ్లి అందులో నాలుగు ఖర్జూరాలు వేసి పంపినదానివి!"

"తొందరలో ఉన్నాను పిన్నీ," అంటూ గుల్సెరెన్ ట్రే ఎత్తుకుని హాల్లోకి వెళ్లిపోయింది.

నెర్మిన్ ఆ ట్రే వెనకే వెళ్లింది.

* * *

హాల్లో ముగ్గురు మగాళ్లున్నారు. సోఫాకి ఒక చివర తుంజెర్, బట్టతల, నలభై దాటినవాడు, ఓర్హున్‌ని పళ్లు నూరుతూ చూస్తున్నాడు. ఇంకో చివర ఇల్కర్, ఫెర్దా అన్న, ముప్పై ఆరేళ్లు, బస్సు కంపెనీ నీలం చొక్కా. మధ్యలో ఓర్హున్, గులాబీ స్లిప్పర్లు.

గుల్సెరెన్ ట్రే పట్టుకుని ఇల్కర్‌కి ఎడమ వైపు నిలబడింది. ఇల్కర్ కదల్లేదు. ట్రే వచ్చినట్టే తెలియదు. ఆమె మోచేత్తో అతని భుజం మెల్లగా తాకింది. అప్పుడు తల పూర్తిగా తిప్పి గ్లాసు అందుకున్నాడు. అందుకుని బల్ల మీద పెట్టేశాడు.

నెర్మిన్ తన టీ రెండు గుక్కల్లో తాగేసింది, నాలుక కాలేంత వేడిగా. తుంజెర్ తాగేశాడు. ఇల్కర్ టీ మీద ఆవిరి తగ్గిపోయింది, తర్వాత లేకుండా పోయింది. అప్పుడు ఒక్క చుక్క పెదవికి ఆనించుకున్నాడు.

"చల్లారిపోయింది, మార్పించనా?" అంది నెర్మిన్.

"ఇలాగే అలవాటండీ."

"ఎప్పట్నుంచి?"

"నెర్మిన్ గారూ," అన్నాడు ఓర్హున్, "మీ అరగంటలో టీ మర్యాదలు కూడా ఉన్నాయా?"

"లేవు. చేతులున్నాయి. అందరూ ఎడమ చేతి చొక్కా మోచేతి పైదాకా మడవండి. మొన్న సూది గుచ్చిన చోటు చూడాలి."

"ఇదేమిటి, బడిలో టీకాలా?"

"మీరే వేయించారు కదా. ఫలితం నేను చూస్తానంతే."

తుంజెర్ మొదట మడిచాడు. పసుపు పచ్చగా మారిన చిన్న కమిలిన మచ్చ. పొక్కు లేదు. సబిహా గుమ్మంలో నిలబడి తన ముడతల చెయ్యి చాపింది. అక్కడ ఏమీ లేదు.

"బి51 ఉన్న తుంజెర్ చెయ్యి చూశారా? పసిపిల్లాడి చెయ్యిలా ఉంది. ఇల్కర్?"

"నాకా గుర్తు లేదని తేలిందిగా."

"చూపించు బాబూ."

"ఎందుకు చూపించాలి? ఆరింటికి సామ్సున్ బస్సు నాది. నేను వెళ్లాలి."

"ఎంత మంది ఉంటారు బస్సులో?"

ఇల్కర్ గ్లాసు పక్కకి జరిపాడు.

"మొత్తం నిండితే నలభై ఆరు కదా. ఎడమ పక్క నుంచి ట్రే వస్తే నీకు కనపడలేదు ఇందాక. లారీ వస్తే కనపడుతుందా?"

 ఇల్కర్ గుండీ విప్పాడు. చొక్కా మడతలు ఒక్కొక్కటిగా పైకి వెళ్లాయి. మోచేతి మడతలో ఎర్రటి పొక్కు, మధ్యలో తెల్లగా చీము. పొద్దున ఫెర్దా చేతి మీద చూసిందే.

"సూది శుభ్రంగా లేదేమో," అన్నాడు ఓర్హున్, కానీ గొంతులో ఇందాకటి నిబ్బరం లేదు.

"ఒకే నర్సు, ఒకే డబ్బా సూదులు. పక్కన నిలబడింది మీరు."

"నాకు నాన్న జబ్బే," అన్నాడు ఇల్కర్. నేల వంక చూస్తున్నాడు. "ఏడాదిన్నర అయింది. సివాస్‌లో ఒక డాక్టరు దగ్గర చూపించుకుంటున్నాను, ఇక్కడెవరికీ తెలియకుండా. కొల్చిసిన్ మాత్రలు వేసుకుంటాను. ఎడమ కన్ను మసక."

ఓర్హున్ లేచాడు. తెలివైనవాడు, దారి మారిందని తెలిస్తే పాత దారిలో నిలబడే రకం కాదు. "మందు ఉంది. దాచిపెట్టాడు. ముసలాయన కనిపెట్టి ఉంటాడు. ఇంకేం కావాలి?" బెల్టు వెనక నుంచి సంకెళ్లు తీశాడు.

"బాబాయి కనిపెట్టారు, నిజమే," అన్నాడు ఇల్కర్. "నాన్నని పక్కనుండి చూసుకున్న మనిషి. నేను టీ చల్లార్చుకోవడం చూసే పట్టేశారు. నువ్వు కంపెనీకి చెప్తావా నేను చెప్పనా, నలభై మందిని లోయలో పడేయనివ్వను అన్నారు. మూడు రోజులు గొడవ పడ్డాం. చివరికి నేనే ఒప్పుకున్నాను. ఆ గురువారం రాత్రి ఆయన చేతుల్లో చెయ్యి వేసి మాటిచ్చాను, సోమవారం చెప్పేస్తానని. ఆయన నా నుదురు ముద్దుపెట్టుకున్నారు. అలాంటి మనిషికి శుక్రవారం విషం ఎందుకు పెడతాను? సోమవారానికి ఆయనే లేరు. ఆ తర్వాత నాకు నోరు పెగల్లేదు. ఇవాళ కూడా కంపెనీ చొక్కా వేసుకుని వచ్చాను."

ట్రే మీద గ్లాసులు గలగలమన్నాయి.

"మాటిచ్చావా?" అంది గుల్సెరెన్. "నాకు చెప్పలేదే."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె మొగుణ్ణి తప్ప ఎవర్నీ చూడటం లేదు.

నెర్మిన్ ఆమె చేతులే చూస్తోంది. నల్లబడ్డ వేలి చివర్లు. నిన్న సాయంత్రం, గుమ్మంలో, టీ గ్లాసు అందించినప్పుడు ఆ వేళ్లు తెల్లగా ఉన్నాయి.

"గుల్సెరెన్," అంది మెల్లగా, "నీ మొగుడు అక్రోటు తింటే నోరు పుండవుతుంది. ఏడాదిన్నరగా మీ ఇంట్లో అక్రోట్లు లేవు. నువ్వు వండిన పాయసంలో లేనిది అందుకే. అలవాటు ప్రకారం వండేశావు. పిన్ని ఎదురుగా ఉత్త గిన్నె ఇచ్చానని అబద్ధం చెప్పినప్పుడే నాకు సగం తెలిసింది. ఫెర్దా గిన్నె నువ్వు తిరిగివ్వలేదు. నింపావు, ఇంకో గుమ్మం దగ్గర పెట్టావు."

గుల్సెరెన్ కాదనలేదు. "మావయ్య కిటికీ పక్కన తొమ్మిదేళ్లు కూర్చున్నాడు," అంది. "అన్నం ముద్దలు నేనే పెట్టాను. గడ్డం నేనే గీశాను. పొద్దు పోయిందా అమ్మాయ్ అని మిట్టమధ్యాహ్నం అడిగేవాడు. బస్సు పోతే ఇతనూ ఆ కుర్చీలోనే కూర్చుంటాడు. ఆ కుర్చీ ఇంకా ఇంట్లోనే ఉంది."

"మరి ఫెర్దా ఏం చేసింది నిన్ను?"

గుల్సెరెన్ ట్రే మీది గ్లాసులు సర్దింది.

"సరే, ఇది చెప్పు. నిన్న నేను వచ్చి అడిగాక మీ ఇంటికి అక్రోట్లు వచ్చాయి. ఒలిచావు. ఎవరికోసం?"

గుల్సెరెన్ పెదవులు బిగించుకుంది. ఆ బిగింపు చూశాక నెర్మిన్‌కి అర్థమైంది. తప్పు దిద్దుకుంది ఈ మనిషి. అక్రోట్లు వేసి ఇంకో గిన్నె వండింది. నేరం మోస్తున్న అమ్మాయి లాకప్‌లో అదే మందుతో చచ్చిపోతే, తప్పు ఒప్పుకుని తనే మింగిందంటారు. కేసు మూసేస్తారు.

ఫోన్ తీసింది. రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది.

"రిజా! ఫెర్దాకి ఇంటి నుంచి ఏమైనా వచ్చిందా?"

"వచ్చింది మేడమ్," అన్నాడు కానిస్టేబుల్ రిజా హుషారుగా. "మీరు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లగానే వాళ్ల వదిన పాయసం తెచ్చింది."

"పాయసం కేసులో ముద్దాయికి పాయసం ఇచ్చావా?"

"విషం పెట్టినావిడ లోపలే ఉంది కదా అనుకున్నాను మేడమ్."

"తిందా? తిందా లేదా చెప్పు!"

"లేదు మేడమ్. మూత తీసి చూసి, పైన అక్రోట్లు ఉన్నాయి, నాకు పడవని అమ్మాయి ముట్టుకోలేదు. వదినకి తెలుసు కదా, ఎందుకు వేసిందో అని ఆశ్చర్యపోయింది కూడా."

నెర్మిన్ గోడకి ఆనుకుంది.  ఫెర్దా బతికే ఉంది. నాలుగింటికి జైలుకి కాదు, ఇంటికి వెళ్తుంది. తను నిన్న ఇల్లిల్లూ తిరిగి అడిగిన పిచ్చి ప్రశ్నే ఆ పిల్లని కాపాడింది.

"ఆ గిన్నె జాగ్రత్తగా తాళం వేసి పెట్టు. ఎవరూ ముట్టుకోకూడదు."



"గిన్నె ఉంది మేడమ్. కడిగేశాను కూడా. పాయసం పారేస్తే పాపం కదా అని టీ గదిలో పెట్టాను. అంకారా సారు తిన్నారు. చాలా బాగుందని గిన్నె అడుగుదాకా గీకి మరీ తిన్నారు."

నెర్మిన్ ఫోన్ దించింది. ఓర్హున్ ఇంకా సంకెళ్లు పట్టుకునే నిలబడ్డాడు. మొహంలో విసుగు, పంటి సందులో అక్రోటు ముక్క.

"ఓర్హున్ గారూ," అంది. ఏడాదికొకసారైనా ఆవిడ నోట రాని మెత్తదనం వచ్చింది గొంతులోకి. "ఆ పాయసం ఎన్నింటికి తిన్నారు?"

"పదకొండింటికి. ఏం?"

"చేదుగా ఉందా?"

"కొంచెం. అక్రోట్ల పొట్టు చేదనుకున్నాను..." వాక్యం అక్కడే ఆగిపోయింది. చూపు గుల్సెరెన్ నల్లటి వేళ్ల మీదికి వెళ్లింది. సంకెళ్లు చేతిలోంచి జారి తివాచీ మీద మెత్తగా పడ్డాయి.

"అది ఆయనకి కాదు," అంది గుల్సెరెన్. ట్రే కింద పెట్టి, అక్కడే నేల మీద కూలబడింది. "దేవుడి మీద ఒట్టు, అది ఆయనకి కాదు."

"అంబులెన్సు వచ్చేదాకా ఆగలేం. పెద్దాస్పత్రికి పది నిమిషాలు," అంది నెర్మిన్, ఓర్హున్ మోచెయ్యి పట్టుకుని. "కారు ఎవరిది ముందుంది?"

ఇల్కర్ అప్పటికే లేచాడు. పన్నెండేళ్లుగా బస్సు నడిపిన అలవాటు. జేబులోంచి తాళాలు తీసి గుమ్మం వైపు రెండు అడుగులు వేశాడు.

గుమ్మం దగ్గర ఆగాడు. ఎడమ కన్ను మీద ఒకసారి అరచెయ్యి పెట్టుకుని తీశాడు. తర్వాత వెనక్కి తిరిగి తాళాలు తుంజెర్ చేతిలో పెట్టాడు.

"నువ్వు నడుపు అన్నా," అన్నాడు.